అమ్మకు జ్వరం వచ్చిన వారం, బిడ్డ తల కొలత: నా అనుభవం

మా డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా పట్టుకుని చికిత్స చేసే జిల్లా కేంద్రం) ఏ పసిబిడ్డ వచ్చినా నేను ముందు చేయి చాచేది తల్లీబిడ్డల కార్డు కోసం. బరువుంటుంది, టీకాలుంటాయి, హిమోగ్లోబిన్ ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు జ్వరం వచ్చిందా, వస్తే ఎన్నో వారంలో, ఏ పరీక్ష చేశారు, ఏం తేలింది అన్నది మాత్రం చాలా కార్డుల్లో కనపడదు. అడిగితే "వచ్చిందండీ, రెండ్రోజులుండి పోయింది" అంటారు. ఆ రెండ్రోజులు ఎప్పుడన్నదాన్ని బట్టి నేను బిడ్డని చూసే తీరే మారిపోతుంది. మూడో నెల జికా వేరు, పురిటి నొప్పుల నాటి చికున్‌గున్యా వేరు, ఏజెన్సీలో ఆరో నెల మలేరియా వేరు. మూడూ దోమ తెచ్చేవే. మెదడుకు కీడు చేసే దారులు మాత్రం మూడు.

అందుకే మొదటి పని తేదీ పట్టుకోవడం. గుర్తులేదంటారు. అప్పుడు పండగలు అడుగుతాను: దసరాకి పుట్టింటికెళ్ళక ముందా, వచ్చాకా? సీమంతం అయిందా అప్పటికి? మందుల షాపు చీటీ, స్కాన్ రిపోర్టు మీద తేదీ కూడా పనికొస్తాయి. చివరి నెలసరి మొదటి రోజు నుంచి జ్వరం వచ్చిన రోజు వరకు లెక్కపెట్టి ఏడుతో భాగిస్తే వారం తేలుతుంది. ఆగస్టు 10న నెలసరి, నవంబరు 2న జ్వరం అనుకుంటే 84 రోజులు, అంటే 12 వారాలు నిండాయి. 'మూడో నెల' అని రాసి వదిలేస్తే ఒకరి లెక్కలో అది తొమ్మిదో వారం, ఇంకొకరి లెక్కలో పదమూడోది. దద్దురు లేచిందా, కళ్ళు ఎర్రబడ్డాయా, కీళ్ళు పట్టేశాయా, ఇంట్లో ఇంకెవరైనా పడ్డారా అన్నవీ అదే పేజీలో రాస్తాను. ఒకటి మరిచిపోకూడదు: జికా సోకినవాళ్ళలో దాదాపు ఐదుగురిలో నలుగురికి ఏ లక్షణమూ ఉండదు. 'జ్వరం రాలేదు' అన్న జవాబుతో జికాని కొట్టేయలేం.

పరీక్షల్లో జరిగే పొరపాట్లు చాలావరకు రోజుల లెక్కలోనే. వైరస్ ప్రోటీన్‌ని పట్టే డెంగీ ఎన్ఎస్1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లో పనికొస్తుంది, ఆ తర్వాత యాంటీబాడీల్ని చూసే ఐజీఎం. జికాకి ఆర్‌టీ-పీసీఆర్ చేయాలి. రక్తంలో వైరస్ సుమారు వారం రోజులే దొరుకుతుంది, మూత్రంలో రెండు వారాల దాకా. రక్తం ఒక్కటే తీసి ఎనిమిదో రోజున పంపితే నెగెటివ్ వస్తుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అది నెగెటివ్ కాదు, ఆలస్యం. అందుకని రెండు నమూనాలూ అడుగుతాం. ఇంకో చిక్కు, డెంగీ, జికా దగ్గరి చుట్టాలు. ఒకదాని ఐజీఎం పరీక్షలో రెండోదాని యాంటీబాడీలు కూడా పాజిటివ్ చూపించగలవు. సంచీలోంచి 'డెంగీ ఐజీఎం పాజిటివ్' చీటీ తీసి చూపిస్తే నేను జికా ఫైలు మూసేయను, అది ఏ రోజు తీసిన రక్తమో చూస్తాను. మన దేశంలో 2018లో జైపూర్‌లో, 2021లో కేరళలోనూ కాన్పూర్‌లోనూ, 2024లో పుణెలో జికా బయటపడింది. పుణె కేసుల తర్వాత 2024 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ, గర్భిణులకు పరీక్షలు చేయాలని, పాజిటివ్ వచ్చినవాళ్ళ పిండం ఎదుగుదలను గమనిస్తూ ఉండాలని రాష్ట్రాలకు రాసింది. జికా బ్రెజిల్ వ్యవహారం అనుకునేవాళ్ళకు ఈ మాట చెప్తుంటాను.

అయినా అసలు పాఠం బ్రెజిల్ నుంచే వచ్చింది. 2015లో ఈశాన్య బ్రెజిల్‌లోని రెసిఫే ఆస్పత్రుల్లో తల బాగా చిన్నగా ఉన్న బిడ్డలు ఒకరి వెంట ఒకరు రావడం పిల్లల నరాల డాక్టర్లు పట్టుకున్నారు. అదే ఏడాది చివర కంపీనా గ్రాంజీలో అడ్రియానా మెలో అనే డాక్టరు ఇద్దరు గర్భిణుల ఉమ్మనీటిలో జికా వైరస్ ఉందని తేల్చారు. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఈ వైరస్ పిండం మెదడులో నరకణాలుగా మారాల్సిన మూలకణాల మీదే పడుతుంది. విత్తనాల బస్తాకే పురుగు పట్టినట్టు. అందుకే మొదటి మూడు నెలల్లో సోకితే నష్టం ఎక్కువ. మెదడు ఎదగక పుర్రె ముడుచుకుంటుంది. నెత్తి మీద చర్మం మాత్రం ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి వెనక మడతలు పడుతుంది. మెదడులో బూడిదరంగు పొర, తెల్లపొర కలిసే చోట సున్నపు చుక్కలు పేరుకుంటాయి, లోపలి నీటి గదులు వెడల్పవుతాయి. కొందరికి కీళ్ళు పుట్టుకతోనే బిగుసుకుని ఉంటాయి, కంటి వెనక పొర మీద మచ్చలుంటాయి. సోకిన ప్రతి తల్లికీ ఇలా అవుతుందని కాదు. అమెరికా అధీనంలోని దీవుల లెక్కల్లో మొదటి మూడు నెలల్లో సోకిన తల్లుల బిడ్డల్లో దాదాపు 8 శాతానికి, మొత్తం మీద దాదాపు 5 శాతానికి పుట్టుకతో లోపాలు కనిపించాయి. తల్లికి ఈ అంకె చెప్పేటప్పుడు తిరగేసి చెప్తాను: వందలో తొంభై మందికి పైగా అలాంటి లోపం కనపడకుండానే పుట్టారు. తర్వాత ఎందుకు రమ్మంటున్నానో అప్పుడే చెప్తాను.

18 నుంచి 20 వారాల మధ్య, పిండంలో అవయవ లోపాలు చూడటానికి చేసే టిఫా స్కాన్ మామూలుగా వచ్చిందని ఫైలు చంకలో పెట్టుకుని వచ్చేవాళ్ళుంటారు. పదో వారంలో సోకినా తల పెరుగుదల మందగించడం టిఫా తర్వాతే స్కాన్‌లో తెలియవచ్చు. పాజిటివ్ తల్లికి మూడు, నాలుగు వారాలకోసారి స్కాన్ కావాలి. చీటీ మీద 'గ్రోత్ స్కాన్' అని ఊరుకుంటే బరువు, ఉమ్మనీరు చూసి పంపేస్తారు. తల చుట్టుకొలత ఎంత, నీటి గది వెడల్పు 10 మిల్లీమీటర్లకు చేరిందా, సున్నపు చుక్కలున్నాయా అని విడిగా రాయించాలి.

ఇక పుట్టాక, టేపు. ఇంత చవకైన పరికరంతో ఇంత తప్పుగా చేసే పని ఆస్పత్రిలో మరోటి లేదేమో. దర్జీ టేపు వద్దు. గుడ్డది సాగుతుంది, కొసన రేకు ముక్క ఊడి మొదటి అర సెంటీమీటరు పోయుంటుంది, ఒకవైపు అంగుళాలు. సాగని, సన్నటి టేపు కావాలి, మిల్లీమీటర్ల గీతలుండాలి. బిడ్డని తల్లి ఒడిలో కూర్చోబెట్టి, క్లిప్పులు, టోపీ, నెత్తిన గట్టిగా పట్టించిన ఆముదం జడ్డు తీసి, టేపుని ముందు కనుబొమ్మల పైన, పక్కల చెవుల పైన, వెనక తల అన్నిటికంటే పొడుచుకొచ్చిన చోటి మీదుగా తిప్పుతాను. వెనకవైపు టేపు కిందికి జారిపోవడమే అందరూ చేసే తప్పు. జుట్టు అణిగేంత బిగించి, తీసి, మళ్ళీ చుట్టి, మూడుసార్లు చూసి, అన్నిట్లోకీ ఎక్కువ వచ్చిందాన్ని 0.1 సెంటీమీటరు దాకా రాస్తాను. 34 అని దశాంశం లేకుండా రాసిన అంకె చూస్తే నాకు అనుమానమే.

కాన్పు గదిలో తీసిన కొలత నమ్మను. దారిలో ఒత్తిడికి తల సాగి ఉంటుంది, నెత్తి వాచి ఉంటుంది. 24 గంటలు గడిచాక, మొదటి వారంలోపు మళ్ళీ తీయాలి. నెలలు నిండి పుట్టిన మగబిడ్డకి సగటు 34.5 సెంటీమీటర్లు, ఆడబిడ్డకి 33.9. మగబిడ్డకి 31.9, ఆడబిడ్డకి 31.5 కంటే తగ్గితే తల చిన్నదని లెక్క. 30.7, 30.3 కంటే తగ్గితే బాగా చిన్నది. ఆడబిడ్డ కొలతని మగబిడ్డ చార్టులో పెట్టి భయపెట్టడం, 34 వారాలకే పుట్టిన బిడ్డని నెలలు నిండిన బిడ్డ చార్టులో చూడటం, రెండూ చూశాను. నెలలు నిండని బిడ్డకి ఎన్ని వారాలు తక్కువో అన్ని వారాలు వయసులోంచి తీసేయాలి, రెండేళ్లు నిండేదాకా.

మన ఇళ్ళలో కొలతని పాడుచేసేది ఇంకోటుంది. పుట్టువెంట్రుకలు. పదకొండో నెల దాకా ఒత్తుగా పెంచి మొక్కు తీర్చుకుని గుండుతో వస్తారు. కిందటిసారి కంటే కొన్ని మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది, కొత్తగా చేరిన నర్సు 'తల తగ్గింది' అని రాస్తుంది. కొలత పక్కన 'జుట్టుతో', 'గుండు' అని రాసుకుంటే ఆ గొడవుండదు. తల గుండ్రంగా రావాలని స్నానంలో అమ్మమ్మ ఒత్తడం వల్లే చిన్నదైందని కోడలివైపు వాళ్ళని తిట్టే అత్తలూ ఉంటారు. ఒత్తితే ఆకారం కాస్త మారొచ్చేమోగానీ మెదడు చిన్నదవదు. 'మా వంశంలో అందరివీ చిన్న తలలేనమ్మా' అనే నానమ్మ మాటని మాత్రం కొట్టిపారేయను. అదే టేపుతో అమ్మానాన్నల తలలు కొలుస్తాను. వాళ్ళవీ చిన్నవై, బిడ్డ పనులన్నీ వేళకి చేస్తుంటే కొంత భరోసా. అయినా ఫైలు తెరిచే ఉంటుంది.

ఎందుకంటే పుట్టినప్పటి అంకె జవాబు కాదు. బ్రెజిల్‌లో పెర్నంబుకో, సియారా రాష్ట్రాల్లో పుట్టుకలో తల మామూలుగానే ఉన్న 13 మంది జికా బిడ్డల్ని పరిశీలిస్తే 11 మందికి తర్వాతి నెలల్లో తల చిన్నదైపోయింది. స్కాన్ తీస్తే అందరి మెదడులోనూ తేడా ఉంది. తల మొదటి మూడు నెలలు నెలకి సుమారు 2 సెంటీమీటర్లు, తర్వాతి మూడు నెలలు నెలకి 1, ఆ పైన ఏడాది దాకా నెలకి అర పెరగాలి. ఒక మగబిడ్డ 34.0తో పుట్టాడనుకోండి, ఎవరూ వంక పెట్టరు. మూడో నెల 38.5. సగటు 40.5, కాస్త తక్కువేలే అంటారు. ఆరో నెల 40.0. సగటు 43.3. చార్టులో మూడు చుక్కలూ పెట్టి గీతతో కలిపితే అది సగటు గీత నుంచి మెట్లు దిగినట్టు కనపడుతుంది. విడివిడిగా చూసినవాళ్ళకి ఏ మెట్టూ కనపడదు. అందుకని చుక్క పెట్టని కొలత నా దగ్గర కొలతే కాదు.

తల చిన్నగా ఉంటే జికానే అని తేల్చేయకూడదు. సైటోమెగలో వైరస్, టాక్సోప్లాస్మా, రుబెల్లా, సిఫిలిస్ కూడా ఇదే పని చేస్తాయి. ఆ పరీక్షలు పక్కనే పంపాలి. సున్నపు చుక్కలు నీటి గదుల చుట్టూ ఉంటే సైటోమెగలో వైపు, పైపొర కింద ఉంటే జికా వైపు మొగ్గుతాం. మొదటి నెలలోనే నడినెత్తి మాడు మీదనుంచి తల స్కాన్ చేయిస్తాం, ఆ మాడు ఈ బిడ్డల్లో తొందరగా మూసుకుపోవచ్చు. కంటి వెనక పొర పరీక్ష, చెవికి బెరా పరీక్ష (శబ్దం నరం గుండా మెదడుకి చేరుతోందా అని చూసేది) కూడా తల మామూలుగా ఉన్నా చేయించాల్సిందే. లోచెవిని మాత్రమే చూసే ఓఏఈ పరీక్ష ఒక్కటే చేసి సరిపెట్టుకుంటే లోచెవి బాగుండి నరం దెబ్బతిన్న బిడ్డ తప్పించుకుపోతుంది.

చికున్‌గున్యా దారి వేరు. మొదటి నెలల్లో వస్తే పిండం మెదడుకు జికాలా చేటు చేయదు. ప్రమాదమంతా కాన్పు సమయంలో తల్లి రక్తంలో వైరస్ ఉంటేనే. హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవిలో 2005-06లో ఈ వ్యాధి ప్రబలినప్పుడు అలాంటి తల్లుల బిడ్డల్లో సుమారు సగం మందికి సోకింది. సిజేరియన్ చేసినా ఆగలేదు. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లోనూ ఊళ్ళకి ఊళ్ళు కీళ్ళు పట్టుకుని మంచాన పడ్డాయి, మనవాళ్ళకి ఈ జ్వరం కొత్త కాదు. బిడ్డ పుట్టినప్పుడు చక్కగా ఏడుస్తుంది, పాలు తాగుతుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం, పాలు వదిలేయడం, ముట్టుకుంటే ఏడవడం, చేతులూ కాళ్ళూ వాపు, ప్లేట్‌లెట్లు పడిపోవడం, కొందరికి ఫిట్స్. మామూలు కాన్పు తల్లిని 48 గంటలకి ఇంటికి పంపేస్తాం. అంటే జబ్బు మొదలయ్యే వేళకి బిడ్డ ఊళ్ళో ఉంటుంది. కాన్పుకు ముందు వారంలోనో, కాన్పైన రెండ్రోజుల్లోనో తల్లికి జ్వరం, కీళ్ళనొప్పులు ఉంటే బిడ్డని వారం రోజులు ఆస్పత్రిలోనే ఉంచమని పట్టుబడతాను. కుదరకపోతే ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు ఎలాగూ ఇంటికెళ్తుంది. ఆ రెండు రోజుల్లో ఏం చూడాలో ఫోన్లో ముందే చెప్తాను. తల్లిపాలు ఆపక్కర్లేదు. తర్వాత ముక్కు మీద, బుగ్గల మీద నల్లగా మచ్చ తేలితే సాంబ్రాణి పొగ అంటారు. ఆ నల్లముక్కు నాకు ఆధారం. కార్డులో రాయని జ్వరాన్ని కొన్నిసార్లు అదే పట్టిస్తుంది.

ఆ రియూనియన్ బిడ్డల్నే రెండేళ్ల వయసులో పరీక్షిస్తే ఎదుగుదల సూచిక సగటున 86 వచ్చింది, సోకని పిల్లలకి 100. సోకినవాళ్ళలో 51 శాతానికి ఎదుగుదల వెనకబడింది, సోకనివాళ్ళలో 15 శాతానికి. ఎక్కువ దెబ్బతిన్నవి చేతి పని, మాట. నడక కాదు. 'నడుస్తున్నాడు కదా మేడమ్, ఇంకా రావాలా' అనే తండ్రికి నేను చెప్పే మాట ఇదే.

డెంగీకి జికా లాంటి పుట్టుకలోపాల ముద్ర లేదు. అక్కడ భయం తల్లి రక్తస్రావం, నెలలు నిండకుండా కాన్పు, బిడ్డకి ప్లేట్‌లెట్లు తగ్గడం. మలేరియా, అందులోనూ ఫాల్సిపేరం రకం, మాయలో (ప్లాసెంటాలో) తిష్ఠవేస్తుంది. పాడేరు, అరకు లాంటి ఏజెన్సీ ప్రాంతాల బిడ్డల విషయంలో ఇది ముఖ్యం. వేలి రక్తంతో చేసే కిట్ పరీక్షలో నెగెటివ్ వచ్చినా మాయలో దాగి ఉండొచ్చు, కాబట్టి ప్రతి జ్వరానికీ మళ్ళీ చేయాలి. వైవాక్స్ రకం మలేరియాకి ఇచ్చే ప్రైమాక్విన్ మందు గర్భిణికి, ఏడాది లోపు బిడ్డకి ఇవ్వకూడదు. ఈ బిడ్డలు జికా బిడ్డల్లా ఉండరు. బరువు తక్కువుంటుంది, తల కొలత మాత్రం చాలావరకు తగ్గదు. ఇక్కడ మెదడుని దెబ్బతీసేది ఎక్కువగా తల్లి రక్తహీనత, బిడ్డకి ఇనుము నిల్వ లేకపోవడం. బొడ్డు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కట్టడం, బరువు తక్కువ బిడ్డకి రెండో నెల నుంచి డాక్టరు చెప్పిన మోతాదులో ఇనుము చుక్కలు. ఖర్చులేని పని, చాలాచోట్ల మరిచిపోయే పని.

ఎదుగుదల పరీక్షలో నేను చూసేవాటిలో చేతి బొటనవేలు ఒకటి. పుట్టగానే అందరూ పిడికిలి బిగించే ఉంటారు. మూడు, నాలుగు నెలలు దాటాక కూడా బొటనవేలు పిడికిలి లోపలే ఉంటే, లంగోటి మార్చేటప్పుడు తొడలు విడదీయడానికి రాక తల్లి తంటాలు పడుతుంటే, నేను చార్టు కోసం ఆగను. పసిబిడ్డ నరాల పనితీరు చూసే హామర్‌స్మిత్ పరీక్షలో 26 అంశాలు, గరిష్ఠం 78. మూడో నెలలో 57 కంటే తగ్గినా, ఆరో నెల తర్వాత 73 కంటే తగ్గినా రోగం పేరు తేలకముందే థెరపీ మొదలుపెడతాం. ఇంటి దగ్గర చేయాల్సినవి రెండో మూడో చెప్తాను, పది చెప్తే ఒక్కటీ చేయరు. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేయడం, రెండు చేతులూ ముందుకి తెచ్చి పట్టుకోవడం, తల ఎత్తుగా ఉంచి పాలు పట్టడం. పాలు పొలమారుతున్నా, తాగేటప్పుడు ఛాతీ గురగురలాడినా మింగడం దెబ్బతిందేమో చూడాలి. మాట రావాలని వస అరగదీసి నాకించడం ఆపించాలి.

అన్నిటికంటే తొందర చేయాల్సింది ఒకటుంది. మూడో నెల నుంచి ఏడో నెల మధ్య, నిద్ర లేచిన వెంటనే, బిడ్డ ఒక్కసారిగా తల ముందుకి వాల్చి రెండు చేతులూ విసురుగా చాచి, రెండు సెకన్లు బిగుసుకుని వదిలేస్తుంది. అర నిమిషం ఆగి మళ్ళీ. అలా పదీ ఇరవై. ఇంట్లోవాళ్ళు ఉలికిపాటంటారు, కడుపునొప్పంటారు, దిష్టి తీస్తారు. ఉలికిపాటు చప్పుడుకి వస్తుంది, ఒక్కసారితో పోతుంది. ఇది వరసగా వస్తుంది. ఇవి స్పాజమ్స్ అనే ఫిట్స్, జికా బిడ్డల్లో తరచూ కనిపిస్తాయి. మా ముందు చేయమంటే చేయదు కాబట్టి ఫోన్లో వీడియో తీయమంటాను: వెలుతురులో, దుప్పటి తీసేసి, ఒళ్ళంతా కనపడేలా, రెండు నిమిషాలు ఆపకుండా. ఆ వీడియో ఉంటే డాక్టరుకి అదే రోజు ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) రాయడం తేలిక. వారాలు గడిస్తే నేర్చుకున్నవి కూడా పోతాయి.

తర్వాత రావాల్సిన వేళలు కుదిరినంతవరకు టీకాలకి కలిపి వేస్తాను: ఆరు వారాలు, మూడున్నర నెలలు, ఆ తర్వాత ఆరు, తొమ్మిది, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు నెలలు. విడిగా తేదీ వేస్తే కూలి పోతుందని రారు. ఇరవై నాలుగో నెలకి ఎదుగుదలని కొలిచే డాసీ పరీక్ష, చెవి, కన్ను మళ్ళీ ఒకసారి. అప్పటికి ఆ తల్లి అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: "మళ్ళీ కడుపొస్తే ఆ బిడ్డకీ ఇలాగేనా?" జికా అయితే కాదు. వైరస్ ఒంట్లోంచి పోయాక తర్వాతి గర్భాన్ని అంటదు. జబ్బు సోకిన నాటి నుంచి ఆమెకి రెండు నెలలు, భర్తకి మూడు నెలలు దాటాలి, వీర్యంలో అది ఎక్కువ రోజులుంటుంది. ఆ లెక్క కూడా కార్డు వెనక తేదీ వేసి రాసిస్తాను.